ఏడు లక్షల బండి... అరవై లక్షల సామాను!

పన్నెండేళ్లు ఆ కారు నడిపాడాయన. ఒక్కనాడూ అందులో ఇంటి మనిషిని ఎక్కించలేదు. తీరా అది తన సొంతమయ్యే రోజొచ్చేసరికి, ఆ ఇంటి మనిషే లెక్కల పుస్తకం పట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది!

తెల్లవారుజామున ఐదు గంటలు. తణుకు దగ్గర ఓ పల్లెటూరు. రెండు గదుల డాబా ముందు, కొబ్బరిచెట్ల కింద, ఓ పెద్ద కారు. దాని వెనక చక్రం దగ్గర ఓ మనిషి గొంతుక్కూర్చుని జానతో ఏదో కొలుస్తున్నాడు. చక్రం నడిమధ్య నుంచి పైనున్న రేకు అంచు దాకా రెండు జానల మీద నాలుగు వేళ్లు. లేచి అటువైపు వెళ్లాడు. అక్కడా అంతే.

‘‘కూర్చుందా, నిలబడిందా?’’ పొయ్యి దగ్గర్నుంచి అడిగింది భార్య.

‘‘నిలబడింది!’’

‘‘అయితే కాఫీ తాగండి.’’

బండి ఇంటికొచ్చిన మర్నాటి నుంచీ ఆ ఇంట్లో సుప్రభాతం ఇదే. ఆ కారుకి వెనకవైపు ఇనుప స్ప్రింగులు ఉండవు. వాటి బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. డ్రైవర్లు వాటిని ‘బెలూన్లు’ అంటారు. ఎంత బరువు ఎక్కినా వెనక్కి ఒరగకుండా బండిని సమంగా నిలబెట్టేది అవే. కొత్తలో మహా సుఖం. కానీ రబ్బరు రబ్బరే కదా. ఏళ్లు గడిచేకొద్దీ ముడతల దగ్గర సన్నగా చిట్లుతుంది. రాత్రంతా గాలి పోయి, తెల్లారేసరికి బండి కాళ్లు మడిచిన ఎద్దులా వెనక్కి కూలబడుతుంది. మొదట్లోనే కనిపెడితే పోయేది బెలూన్ల ఖర్చే. ‘స్టార్టు చేస్తే మళ్లీ లేస్తోంది కదా’ అని ఊరుకుంటే, కారిపోయే గాలిని నింపీ నింపీ కంప్రెసరు కాలిపోతుంది. అందుకే ఆయన జాన కొలత!

బాబుగారి బండి

ఆయనకిప్పుడు 55 ఏళ్లు. 27వ ఏట ఓ రైస్‌మిల్లు యజమాని దగ్గర డ్రైవరుగా చేరాడు. మొదట అంబాసిడర్. తర్వాత క్వాలిస్. ఆ తర్వాత ఇన్నోవా. 2012లో యజమాని హైదరాబాద్ వెళ్లి ఈ జర్మనీ బండి కొన్నారు. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిను, ఏడు సీట్లు, నెత్తిమీద మొత్తం అద్దం. అన్నీ కలిపి రూ.60 లక్షలు పైమాటే. షోరూం కుర్రాడు రెండు గంటలసేపు మీటల పాఠం చెప్పింది యజమానికి కాదు, ఈయనకే.

ఆ రోజు నుంచీ ఆ బండి లోకం ఆయన లోకం అయిపోయింది. వారానికోసారి హైదరాబాద్, నెలకోసారి తిరుపతి, పెళ్లిళ్లకు విశాఖ. బాబుగారు వెనక ఎడమ సీట్లో. ఈయన స్టీరింగ్ ముందు. గాజువాక ట్రాఫిక్‌లోనూ, దిండి వంతెన మీద వానలోనూ బండిలో పుట్టే ప్రతి చప్పుడూ ఆయనకు తెలుసు. ఏ చప్పుడు రోడ్డుదో, ఏది టైరుదో, ఏది జబ్బుదో విడదీసి చెప్పగలడు.

అంత చనువున్నా బండి బాబుగారిదే. కూతురికి అర్ధరాత్రి నొప్పులొచ్చినప్పుడు తాళాలు తన జేబులోనే ఉన్నాయి. అయినా ఆటో పిలిపించాడు. సంగతి తెలిసి యజమాని మర్నాడు కేకలేశారు. ‘‘అడగడానికి నోరు రాలేదండి’’ అన్నాడీయన. అదీ మనిషి తీరు.

2021లో యజమానికి కంటి ఆపరేషన్ అయింది. ప్రయాణాలు తగ్గిపోయాయి. పిల్లలిద్దరూ అమెరికాలో. బండి షెడ్డుకే పరిమితమైంది. ఈయన అప్పు చేసి ఓ ఎల్లోబోర్డు ట్యాక్సీ కొనుక్కున్నాడు. అయినా పది రోజులకోసారి మిల్లుకెళ్లి, పాత బండిని స్టార్టు చేసి, నాలుగు కిలోమీటర్లు తిప్పి, తుడిచి పెట్టి వచ్చేవాడు. జీతం లేదు, భత్యం లేదు. ఎవరూ రమ్మనలేదు కూడా.

2024 వేసవిలో అమెరికా నుంచి పిల్లలు వచ్చి ‘ఇంకా ఎందుకు నాన్నా, అమ్మేయండి’ అన్నారు. కొత్త చిన్న కారు కొంటే పాతదానికి 6 లక్షలు ఇస్తామంది ఓ షోరూం. ఆ సాయంత్రం యజమాని ఈయన్ని పిలిచారు.

‘‘ఏవోయ్, ఏడు నువ్వివ్వు. తీసుకెళ్లు. కానీ ఒక్కమాట. ఇది ఏనుగు. కొనడానికి డబ్బుంటే చాలదు, మేపడానికి ఉండాలి.’’

అప్పటికి మీటరు మీద 1,92,400 కిలోమీటర్లు.

డ్వాక్రా లెక్క

ఆయన ఇంటికొచ్చి విషయం చెప్పాడు. భార్య ఏమీ అనలేదు. బండితోపాటు యజమాని ఇచ్చిన రిపేరు బిల్లుల ఫైలు మాత్రం అడిగి తీసుకుంది. ఆవిడ ఇంటర్ చదివింది. ఊళ్లో డ్వాక్రా గ్రూపు లెక్కలు పదిహేనేళ్లుగా ఆవిడే రాస్తోంది. రాత్రి భోజనాలయ్యాక చాప మీద బిల్లులు పరిచి ఒక్కొక్కటే కూడింది. పదకొండు దాటాక పెన్ను కింద పెట్టింది.

‘‘ఏవండీ, ఆఖరి ఆరేళ్లలో బాబుగారు దీనికి పెట్టింది 9 లక్షల 84 వేలు. మీరు కొనే రేటు కంటే దాదాపు 3 లక్షలు ఎక్కువ.’’

సెకండ్ హ్యాండ్‌లో ఖరీదైన బండి కొనాలనుకునే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు చెప్పాల్సిన మాట ఇదే. సాధారణంగా ఎవరూ చెప్పరు. అరవై లక్షల కారు పన్నెండేళ్లలో ఏడు లక్షలకు దిగుతుంది. కొత్త మారుతీ కంటే చవకే కదా అనిపిస్తుంది. కానీ తగ్గింది బండి ధర. దాని బ్రేకు డిస్కు ధర తగ్గలేదు. దాని హెడ్‌లైటు ధర తగ్గలేదు. ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. అంటే మనం ఏడు లక్షలు పెట్టి కొన్నా, షెడ్డుకి తీసుకెళ్లిన ప్రతిసారీ అది అరవై లక్షల బండే! కొన్నవాడి జేబు మాత్రం ఏడు లక్షలది.

ఆ ఇంటి పొదుపు మొత్తం 14 లక్షలు. అది మేడ మీద వాటా వేయడానికి దాచింది. ఇల్లు కట్టినప్పుడే పైన పిల్లర్లకు ఊచలు వదిలారు. తుప్పు పట్టకుండా వాటికి ఏటా సిమెంటు పాలు పూస్తోంది ఆవిడ. వాటా లేస్తే నెలకు ఆరేడు వేలు అద్దె. ముసలితనానికి ఆసరా.

‘‘పెళ్లిళ్లకి కిరాయికి తిప్పుతానే. పెళ్లికొడుకుని ఇలాంటి బండిలో తేవాలని ఎవరికుండదు?’’ అన్నాడాయన.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు ఫోన్లో ఆ ఆశ కాస్తా తుంచేశాడు. ‘‘నాన్నా, అది వైట్‌బోర్డు. సొంతానికే. కిరాయికి తిప్పితే ఆర్టీవో వాళ్లు సీజ్ చేస్తారు. ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు పైసా ఇవ్వరు. ట్యాక్సీ నడిపేవాడివి, నీకు తెలియదా?’’

తెలుసు. తెలిసే అన్నాడు. ఏదో ఒక కారణం కావాలి కదా!

మీటరు అబద్ధం... పెడలు నిజం

కొడుకు అక్కడితో ఆగలేదు. ‘‘అంత సరదాగా ఉంటే ఇక్కడ అదే మోడల్ ఉంది నాన్నా. 62 వేల కిలోమీటర్లే తిరిగింది. 8 లక్షలు చెబుతున్నారు. రెండు లక్షలు తిరిగిన బండి ఎందుకు?’’ అన్నాడు. సరేనని తండ్రి హైదరాబాద్ వెళ్లాడు.

అది ఢిల్లీ బండి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దాంతో అక్కడ గడువు దగ్గరపడ్డ ఖరీదైన బళ్లు చవగ్గా దక్షిణాదికి రావడం మొదలైంది. 2025లో సుప్రీంకోర్టు కొంత ఊరటనిచ్చినా, అప్పటికే చాలా బళ్లు ఊళ్లు మారిపోయాయి. అలా వచ్చినవన్నీ చెడ్డవని కాదు. అక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చవక అనుకున్నదానికి అది కలిపి చూసుకోవాలి. అంతకంటే ముఖ్యం, దాని గతం ఎవరికీ తెలియదు.

తండ్రి మీటరు చూడలేదు. తలుపు తీసి కింద కాళ్ల దగ్గర చూశాడు. బ్రేకు పెడలు మీద రబ్బరు గీతలు అరిగి నున్నగా ఉన్నాయి. స్టీరింగ్ తోలు అద్దంలా మెరుస్తోంది. డ్రైవరు సీటు అంచు చితికిపోయి ఉంది. ‘‘62 వేలకు ఇలా అవ్వదురా’’ అన్నాడు మెల్లగా. తర్వాత సీటుబెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. మామూలుగా మనం బెల్టు అంతదూరం లాగం. అడుగున రెండు మూరల మేర మట్టిచారలు! బండి ఎప్పుడో నీళ్లలో మునిగింది. పైపైన కడిగినవాడు బెల్టు చుట్ట లోపలికి పోయినదాన్ని కడగలేదు.

2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కాలనీలు మునిగాయి. అలా నీట నానిన కార్లన్నీ తుక్కుకే పోలేదు. మెరుగుపెట్టించుకుని మళ్లీ మార్కెట్లోకి వచ్చినవీ ఉంటాయి. ఇలాంటి బళ్లలో వైర్లూ, చిన్న చిన్న కంప్యూటర్లూ కార్పెట్ల కింద, సీట్ల కింద ఉంటాయి. నీళ్లు తగిలిన రోజు ఏమీ కాదు. ఆరు నెలలకో, ఏడాదికో కనెక్షన్లకు చిలుం పట్టి ఒక్కొక్కటే మొరాయిస్తాయి. ఎక్కడ మొదలైందో ఎవరికీ అంతుపట్టదు.

కొడుకు అనుమానం తీరక ఓ మెకానిక్‌ని పిలిచి స్కానర్ పెట్టించాడు. ఈ తరహా బళ్లలో తిరిగిన కిలోమీటర్లు ముందున్న మీటర్లోనే కాదు, లోపలి ఇతర కంప్యూటర్లలో కూడా నమోదవుతాయి. మీటరు తిప్పినవాడు అన్నింటినీ తిప్పడం మర్చిపోతాడు. ఒకచోట 62 వేలు. ఇంకోచోట లక్షా 71 వేలు!

తిరుగు ప్రయాణంలో కొడుకు మాట్లాడలేదు. తండ్రే అన్నాడు: ‘‘మన బండి రెండు లక్షలు తిరిగింది. నిజమే. అందులో ముప్పాతిక వంతు హైవే మీద, ఒకే వేగంతో. ఊళ్లో రోజూ ఆగుతూ కదులుతూ తిరిగిన యాభై వేలు దానికంటే చెరుపు. బండి కంప్యూటరు ఇంకా గడువుందన్నా, బాబుగార్ని బతిమాలి పదివేలకోసారి ఇంజిన్ ఆయిల్ మార్పించాను. ఏది ఎప్పుడు పోయిందో నాకు తెలుసు. ఏది పోబోతోందో కూడా తెలుసు.’’

మరెందుకు?

ఇంటికొచ్చాక భార్య మళ్లీ అదే ప్రశ్న వేసింది. ‘‘కిరాయికి పనికిరాదు. ఊళ్లో గొప్ప కోసమా అంటే, మీరు అలాంటి మనిషి కాదు. మరెందుకు?’’

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి నోరు విప్పాడు.

‘‘దాదాపు ముప్ఫై ఏళ్లు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపానే. గోదావరి మీంచి వెళ్తుంటే ఎన్నిసార్లు అనిపించిందో, ఒక్క రెండు నిమిషాలు పక్కకి తీసి చూద్దామని. బండి నాది కాదు, పని నాది కాదు. ఒక్కసారి ఆ బండిని నేను అనుకున్న చోట ఆపాలని ఉంది. అంతే.’’

ఆవిడ పుస్తకం మూసేసింది. తెల్లారాక కాఫీ గ్లాసు చేతికిస్తూ మూడు షరతులు చెప్పింది.

ఒకటి: బండికి 7 లక్షలు. దాంతోపాటే 4 లక్షలు తన పేరున బ్యాంకులో వేయాలి. అది రిపేర్లకే. ‘బండి ధర 7 కాదు, 11 అనుకుని కొనండి. 11కి నచ్చితేనే కొనండి.’

రెండు: థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు చాలదు. మొత్తం బండికి చేయించాలి.

మూడు: ఏ రిపేరుకైనా ఆ ఖాతాలో ఉన్నదానికి మించి అడిగితే, ఆ రోజే బండి అమ్మేయాలి. మారుమాట లేదు.

మేడ మీద వాటా రెండేళ్లు వెనక్కి వెళ్లింది. ఊచలకు ఆ ఏడు కూడా సిమెంటు పాలు పూసింది ఆవిడే.

మూడు గళ్ల పుస్తకం

కాగితాల పని కొడుకు చూసుకున్నాడు. ఫారం 29, ఫారం 30. జిల్లా మారలేదు, రాష్ట్రం మారలేదు కాబట్టి ఎన్‌ఓసీ గొడవ లేదు. ఇన్సూరెన్సు పేరు మార్పుకి 14 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. యజమాని ఏళ్ల తరబడి సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండితో రాదు. అది మనిషిది, బండిది కాదు. ఆర్‌సీకి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5 వేలకు పెరిగింది. ఆవిడ అదీ రాసుకుంది.

పుస్తకంలో మూడు గళ్లు గీసింది. ‘వెంటనే చేయాల్సినవి’, ‘రాబోయేవి’, ‘రాకపోతే దేవుడి దయ’. ఆయన చెబుతుంటే ఆవిడ నింపింది.

మొదటి గడిలో గేర్‌బాక్సు ఆయిల్. కంపెనీ పుస్తకం ప్రకారం అది జీవితాంతం మార్చక్కర్లేదు. కానీ ఎవరి జీవితం? ఆ గేర్‌బాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటుంది. కొత్తగా కొన్నవాడు అంతదూరం ఉంచుకోడు కాబట్టి అతనికి పట్టదు. రెండో చేతిలో పడ్డాకే జీవితం బరువు తెలుస్తుంది. ఈ బండికి ఒకసారి లక్ష దగ్గర మార్చారు. మళ్లీ వేళయింది. ఫిల్టరు విడిగా రాదు, కింది ప్లాస్టిక్ తొట్టి మొత్తం మార్చాల్సిందే.

రెండో గడిలో వెనక బెలూన్లు, బ్యాటరీ, ముందు సస్పెన్షన్ బుష్‌లు, టైర్లు, నీళ్ల గొట్టాలు. ఇంజిన్ వేడికి ప్లాస్టిక్ పెళుసై, ఓ రోజు చేత్తో పట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. ఆ తర్వాత పది నిమిషాలు గమనించకపోతే ఇంజినే పోతుంది.

మూడో గడిలో ఒకే ఒక్క మాట. టైమింగ్ చైను. ఈ ఇంజిన్లో అది ముందువైపు కాదు, వెనక గేర్‌బాక్సు వైపు ఉంటుంది. మార్చాలంటే ఇంజిన్‌నో, గేర్‌బాక్సునో దించాల్సిందే. రెండు లక్షలకు తక్కువ కాదని విజయవాడ ఆటోనగర్ మేస్త్రి చెప్పాడు. చైను కంటే కూలీయే ఎక్కువ. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్టు చేసినప్పుడు గలగలమంటే ప్రమాద ఘంటిక. అందుకే ఆయన రోజూ జాన కొలత అయ్యాక, బానెట్ దగ్గర చెవి పెట్టి వింటాడు.

సామాను కొనడంలోనూ ఆయనకో ఒడుపు ఉంది. కారు కంపెనీ అన్ని భాగాలూ తానే తయారుచేయదు. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు ఒకరివి, గేర్‌బాక్సు ఒకరిది, బెలూన్లు ఇంకొకరివి. అదే వస్తువు కారు కంపెనీ ముద్రున్న డబ్బాలో ఒక ధర, తయారుచేసినవాడి సొంత డబ్బాలో అంతకంటే బాగా తక్కువ ధర. పాత సామాను పుష్కలంగా దొరికే చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి సంగతీ ఆయనకు తెలుసు. తలుపు గొళ్లెం, అద్దం చట్రం లాంటివైతే పాతవి పర్లేదు. రబ్బరుదీ, బ్రేకుదీ, ప్రాణానికి సంబంధించినదీ పాతది కొనకూడదన్నది ఆయన నియమం.

లెక్కలో లేని కొబ్బరికాయ

మొదటి నెలలోనే గేర్‌బాక్సు ఆయిల్, తొట్టితో సహా 48 వేలు. రెండో నెల టైర్లు. గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు వాటికి. మన గుంతలకు రెండింటికి పక్కన బుడిపెలు లేచాయి. నాలుగూ మామూలు టైర్లు వేయించి, డిక్కీలో పంక్చరు కిట్ పెట్టుకున్నాడు. 84 వేలు. బ్యాటరీకి 24 వేలు. దాన్ని మార్చి ఊరుకుంటే చాలదు. కొత్తది వేశామని బండి కంప్యూటరుకి కూడా చెప్పాలి. లేకపోతే ముసలి బ్యాటరీకి పెట్టినట్టే ఛార్జింగ్ పెట్టి కొత్తదాన్ని పాడుచేస్తుంది. ముందు బుష్‌లకు 38 వేలు. నీళ్ల గొట్టాలు, థర్మోస్టాట్ 22 వేలు.

ఏడో నెలలో ఓ తెల్లవారుజామున ఎడమవైపు కొలత రెండు వేళ్లు తగ్గింది. ‘‘కూర్చుంది’’ అన్నాడాయన. ఆవిడ మారుమాట లేకుండా బ్యాంకు పుస్తకం తీసింది. రెండు బెలూన్లూ ఒకేసారి, 46 వేలు. ఒకటి పోయిందంటే రెండోదీ అదే వయసుది మరి.

అన్నీ ఊహించినవే. ఒక్కటీ తప్పలేదు. ఆయనకు ఒకరకమైన గర్వం కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడు, ఓ గాలివాన రాత్రి, టప్‌మని చప్పుడు. టార్చి లైటు పట్టుకుని పరిగెత్తారిద్దరూ. చెట్టు మీంచి పండుకాయ ఒకటి తిన్నగా పడి, నెత్తిమీది అద్దం భళ్లున పగిలింది. సీట్ల నిండా గాజు ముక్కలు, పైనుంచి వాన.

గేర్‌బాక్సు నుంచి చైను దాకా అన్నీ లెక్కేసినవాడు ఇంటి ముందున్న కొబ్బరిచెట్టును లెక్కేయలేదు! మిల్లు షెడ్డులో పన్నెండేళ్లు బండి నెత్తిన రేకులుండేవి. ఆ సంగతే ఆయనకు తట్టలేదు. టార్పాలిన్ కప్పి, ఆ రాత్రి అరుగు మీదే కూర్చుండిపోయాడు. మూడో షరతు గుర్తొచ్చింది.

తెల్లారాక ఆవిడ ఇన్సూరెన్సు కాగితం తెచ్చి ముందు పెట్టింది. పాత బండికి క్లెయిమ్ చేస్తే ఇనుముకూ ప్లాస్టిక్‌కూ తరుగు కోస్తారు. రబ్బరుకూ, ప్లాస్టిక్‌కూ సగం. పదేళ్లు దాటితే ఇనుముకూ సగం. కానీ అద్దానికి తరుగు లేదు. మామూలు పాలసీలోనే ఆ నిబంధన ఉంది. పెద్ద ఇంజిన్ కార్లకు తప్పనిసరిగా మనం భరించాల్సిన 2 వేలు, రబ్బరు అంచులకు సగం ఖర్చు 3,500. మొత్తం 5,500తో గండం గడిచింది. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఉంటే?

‘‘నువ్వు పట్టుబట్టబట్టి...’’ అన్నాడాయన.

‘‘ముందు కాయలు దింపించండి’’ అంది ఆవిడ.

రెండు నిమిషాలు

ఏడాది లెక్క తేలింది. 2 లక్షల 67 వేల 500 ఖర్చు. ఖాతాలో మిగిలింది లక్షా 32 వేల 500. బండి లీటరుకి పది కిలోమీటర్లు దాటదు కాబట్టి నెలకు రెండుమూడుసార్లే బయటికి తీస్తారు. చైను ఇంకా గలగలమనలేదు. అంటే, రెండు లక్షలయ్యే పని ఇవాళే నెత్తిన పడితే షరతు ప్రకారం అమ్మేయాల్సిందే. అది ఆయనకు తెలుసు. ట్యాక్సీ ఆదాయంలో నెలకు 4 వేలు ఆ ఖాతాలో వేస్తున్నాడు. చైను ముందా, డబ్బు ముందా అన్నది ఇప్పుడు పందెం.

ఆ బండి కొన్న మొదటి వారం ద్వారకా తిరుమల తీసుకెళ్లి పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. ఆ తర్వాతి ఆదివారం ఆయన భార్యను ఎక్కించుకుని రాజమండ్రి దారి పట్టాడు. గోదావరి కనబడేచోట బండి పక్కకి తీసి ఆపాడు. ఇద్దరూ దిగి నిలబడ్డారు. ‘‘రెండు నిమిషాలన్నారు, అరగంటయింది’’ అని ఆవిడ గుర్తుచేసేదాకా కదల్లేదు.

మొన్న పెద్దాయన కబురు పెట్టారు. చిన్న తిరుపతి వెళ్లాలని ఉంది, ట్యాక్సీ తీసుకురమ్మని. ఈయన ట్యాక్సీ తేలేదు. పాత బండినే తుడిచి తీసుకెళ్లాడు. పెద్దాయన అలవాటు ప్రకారం వెనక ఎడమ సీట్లో కూర్చున్నారు. ముందు సీట్లో ఈయన భార్య. ఊరు దాటాక పెద్దాయన చెవి రిక్కించారు.

‘‘ఏవోయ్, వెనక ఏదో గుర్రుమంటోంది?’’

ఆయన నోరు తెరిచేలోపే ముందు సీటు నుంచి జవాబొచ్చింది.

‘‘గాలి కంప్రెసరండి బాబుగారూ. బెలూను కారినప్పుడు ఎక్కువ పనిచేసి అలిసిపోయింది. రెండో గడిలో రాసే ఉంచాం. డబ్బు పక్కన పెట్టేశాం.’’